తూటాలు ఇంట్లో నింపుకుంటే గిట్టుతుందా? విజయనగరం, శ్రీకాకుళం షూటర్లకు నాలుగు దారుల పోలిక

అమెరికా వీడియోల్లో చూస్తే ఎంతో తేలిక. బల్ల అంచుకి చిన్న ప్రెస్సు బిగించి ఉంటుంది. ఖాళీ గొట్టం పెట్టి మీట లాగుతారు, తుపాకిమందు పోస్తారు, గుండు కూరుస్తారు. గంట తిరిగేసరికి డబ్బా నిండుతుంది. కొన్నదానికంటే సగం ఖర్చే అంటారు. బొబ్బిలిలోనో టెక్కలిలోనో లైసెన్సు తుపాకి ఉండి, తూటాల కోసం ప్రతిసారీ విశాఖ దాకా వెళ్లివచ్చే మనిషికి ఇది చూడగానే లెక్కలు మొదలవుతాయి.

జవాబు ముందే చెప్పేస్తే మంచిది. ఇక్కడ ఉండి షూటింగ్ చేసేవారిలో చాలామందికి సొంతంగా నింపుకోవడం గిట్టదు. డబ్బు ఒక్కటే కారణం కాదు, అసలు డబ్బు లెక్క చివర్న వస్తుంది. దానికి ముందు దాటాల్సిన గడపలు మూడు నాలుగున్నాయి. అవన్నీ దాటాక మిగిలేది చాలా చిన్న గుంపు. మిగతావాళ్లకి ఇంతకంటే మంచి దారులున్నాయి.

ముందు తూటాలో ఏముందో

తూటా అంటే నాలుగు వస్తువులు. గొట్టం (రైఫిలుకి ఇత్తడిది, పన్నెండు బోరు షాట్‌గన్‌కి అడుగున లోహపు బిళ్ల ఉన్న ప్లాస్టిక్ లేదా కాగితపు గొట్టం), గొట్టం అడుగున నిప్పు పుట్టించే క్యాప్, లోపల మందు, ముందు గుండు. పన్నెండు బోరులో గుండు బదులు సీసపు గుళ్లు ఉంటాయి. మందుకీ గుళ్లకీ మధ్య వాడ్ అనే అడ్డు ఉంటుంది.

పేల్చాక క్యాప్, మందు, గుండు పోతాయి. మిగిలేది గొట్టమే. రైఫిలు తూటాలో అన్నిటికంటే ఖరీదైన భాగం ఆ ఇత్తడి గొట్టం. రీలోడింగ్‌లో, అంటే ఖాళీ గొట్టాన్ని మళ్లీ నింపడంలో ఆదా అయ్యేది ప్రధానంగా దాని ధరే. పన్నెండు బోరు ప్లాస్టిక్ గొట్టం ధర తక్కువ కాబట్టి అక్కడ మిగిలేది అంతంత మాత్రం. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం భ్రమలు తొలగుతాయి.

ఏ వరసలో ఆలోచించాలి

ధరతో మొదలుపెడితే తప్పుతోవే. ఈ వరసలో వెళ్లండి: చట్టం ఒప్పుతుందా; మీ తూటా రకం అసలు నింపడానికి పనికొస్తుందా; క్యాప్, మందు లాంటి సరుకు సక్రమంగా దొరుకుతుందా; ఏడాదికి ఎన్ని పేలుస్తారు; ఇంట్లో చోటు, తీరిక, తడి లేని గది ఉన్నాయా. ఈ ఐదింటికీ జవాబొచ్చాకే రూపాయల లెక్క. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతే మిగతావి చూడనక్కర్లేదు.

చట్టం సంగతి

1959 ఆయుధ చట్టం తూటాకి ఇచ్చిన నిర్వచనం చాలామంది చదవరు. అందులో తయారైన తూటా ఒక్కటే కాదు, తూటాల విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్ర సామగ్రి కూడా ఉన్నాయి. అంటే విడిగా కొన్న క్యాప్‌ల డబ్బా, బల్లకి బిగించే ప్రెస్సు, రెండూ చట్టం కంట్లో తూటాలతో సమానమే. "ఇంకా నింపలేదు కదా, ఉత్త ఇనప సామానే కదా" అనే వాదన నిలబడదు.

చేతిలో ఉండే మామూలు లైసెన్సు తుపాకి, తూటా ఉంచుకోవడానికి. అది 3వ సెక్షన్ కిందిది. తయారీకి 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి. అది లేకుండా తయారుచేస్తే 25వ సెక్షన్ పడుతుంది. 2019 సవరణ తర్వాత ఆ శిక్ష ఏడేళ్లకు తగ్గదు, జీవిత ఖైదు దాకా వెళ్లొచ్చు. తూటాకి పాతిక రూపాయలు మిగులుతాయని పెట్టుకునే పందెం కాదిది.

కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. కలెక్టరేట్లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌కి వెళ్లి, "ఈ లైసెన్సు మీద, ఈ తూటా రకం, సొంత సాధన కోసం నింపుకోవడానికి అనుమతి ఉందా, లేకపోతే ఏ దరఖాస్తు పెట్టుకోవాలి" అని రాతపూర్వకంగా అడగండి. జవాబు కూడా రాతలోనే తీసుకోండి. డీలరు చెప్పాడనో, క్లబ్బులో సీనియర్ అన్నాడనో మొదలుపెట్టొద్దు. పోలీసులు ఇంటికొచ్చిన రోజున ఆ సీనియర్ ఫోను ఎత్తడు.

ఇంకో కోణం ఉంది. లైసెన్సు పుస్తకంలో రెండు అంకెలుంటాయి: ఒక్కసారికి మీ దగ్గర ఎన్ని తూటాలు ఉండొచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు. డీలరు అమ్మిన ప్రతిసారీ పుస్తకంలో రాస్తాడు. విడిభాగాలు కూడా తూటాల కిందే వస్తాయి కాబట్టి, వెయ్యి క్యాప్‌ల డబ్బా ఒకేసారి తెచ్చుకుంటే చవక అనే విదేశీ సలహా ఇక్కడ నేరుగా చిక్కుల్లోకి దించుతుంది.

మీ తూటా నింపడానికి పనికొస్తుందా

.22 రైఫిలు, పిస్టలు తూటాలైతే ప్రశ్నే లేదు. వాటికి విడిగా క్యాప్ ఉండదు. నిప్పు పుట్టించే మందు గొట్టం అంచు మడతలోనే పూసి ఉంటుంది. పిన్ను ఆ అంచుని నలిపితేనే పేలుతుంది. నలిగిన అంచుని మళ్లీ మామూలు చేయలేం. ఖాళీ .22 గొట్టాలు కూడబెట్టుకున్నా ఈ పనికి రావు, అంతే.

రైఫిలు తూటాలకొస్తే గొట్టం లోపలికి చూడాలి. పేల్చిన గొట్టం మూతి వైపు నుంచి టార్చి వేసి అడుగు చూడండి. నడిమధ్యన ఒకే రంధ్రం కనిపిస్తే అది బాక్సర్ రకం, పాత క్యాప్‌ని సన్నటి పిన్నుతో తేలిగ్గా బయటకి నెట్టొచ్చు. మధ్యలో చిన్న గుబ్బ, దానికి అటూ ఇటూ రెండు సన్నటి రంధ్రాలు కనిపిస్తే అది బెర్డాన్. ఈ రకాన్ని మామూలు డైలో (గొట్టాన్ని పాత కొలతకి నొక్కే అచ్చులో) పెట్టి మీట లాగితే పిన్ను ఆ గుబ్బకి తగిలి విరుగుతుంది. బెర్డాన్‌కి క్యాప్ తీసే పనిముట్టూ వేరు, క్యాప్‌లూ వేరు. సరిపోయే క్యాప్ దొరకడమే గగనం. సైనిక తూటాల్లో బెర్డాన్ ఎక్కువ. మన కర్మాగారాల సరుకు అడుగున కేఎఫ్ లాంటి ముద్ర ఉంటుంది, అది ఖడ్కీ గుర్తు. ముద్ర చూసి తొందరపడొద్దు, లోపల రంధ్రాలు లెక్కపెట్టాకే నిర్ణయించుకోండి.

పన్నెండు బోరు గొట్టాలు నింపడానికి పనికొస్తాయి, కానీ మూతి మడతలు చీలేదాకానే. ప్లాస్టిక్ గొట్టం మూతి దగ్గర తెల్లటి గీతలు కనిపించాయంటే దాని పని అయిపోయినట్టే. కాగితపు గొట్టాలు మన కోస్తా గాలికి నిలవవు. వానాకాలంలో చెమ్మ పీల్చి ఉబ్బి, తుపాకి గదిలోకి (తూటా కూర్చునే చోటులోకి) సగం దూరి ఆగిపోతాయి.

గొట్టం పొడవు కూడా చూడండి. పాత ఇళ్లలో ఉండే జోడుగొట్టాల తుపాకులు కొన్నిటికి గది 65 మిల్లీమీటర్ల తూటాకి చేసింది. 70 మిల్లీమీటర్ల తూటా అందులో చక్కగా దూరుతుంది, తుపాకి కూడా మూసుకుంటుంది. పేలినప్పుడు మాత్రం దాని మడత విప్పుకోవడానికి చోటు ఉండదు. మూతి తుపాకి గొట్టం ఇరుకులోకి తెరుచుకుని ఒత్తిడి పెరుగుతుంది. తుపాకి గొట్టం కింద చెక్కిన గుర్తులు చదవకుండా తూటా మార్చకూడదు, అది కొన్నదైనా నింపినదైనా.

మొదటి దారి: కర్మాగారం తూటా కొనుక్కోవడం

ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు నడిపిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల బోర్డుని 2021 అక్టోబరులో ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడగొట్టారు. తూటాలు చేసే ఖడ్కీ లాంటి కర్మాగారాలు అప్పటి నుంచి మ్యూనిషన్స్ ఇండియా కిందున్నాయి. పన్నెండు బోరు, .315, .32 లాంటివి డీలరు దగ్గరకి అక్కడి నుంచే ఎక్కువగా వస్తాయి. పోటీల షూటర్లు వాడే విదేశీ సరుకు రైఫిల్ సంఘం దారిలో వస్తుంది.

దీనిలో మంచి ఏమిటంటే బాధ్యత మీది కాదు. ఒక లాటులో (ఒకేసారి తయారైన సరుకులో) తూటాలన్నీ ఒకేలా ఉంటాయి, పెట్టె మీద లాటు నంబరు ఉంటుంది, పుస్తకంలో లెక్క సరిపోతుంది. లోపం ధర, దొరకడం. డీలరు దగ్గర సరుకున్న రోజు మీకు తీరిక ఉండదు, మీకు తీరికున్న రోజు సరుకుండదు.

జీడితోటకో మొక్కజొన్నకో అడవిపందుల బెడద అని పంట రక్షణ లైసెన్సు తీసుకున్న రైతుకి ఇదొక్కటే దారి. ఏడాదికి పేల్చేది పదో పదిహేనో. దానికోసం ప్రెస్సు కొనడం అంటే రెండు కుంచాల ధాన్యానికి రైసుమిల్లు పెట్టుకున్నట్టు. అడవిపంది వన్యప్రాణి చట్టం పరిధిలో ఉంది కాబట్టి లైసెన్సు ఉన్నంత మాత్రాన కాల్చొచ్చని అనుకోవద్దు, దానికి అటవీ శాఖ అనుమతి వేరే. తూటాలు తక్కువ వాడే ఇంట్లో అసలు సమస్య నిల్వ. బీరువాలో, గట్టిగా మూసిన ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. తిత్లీ లాంటి తుపాను వచ్చి ఇంట్లోకి నీళ్లు చేరిన తూటాల్ని ఎండబెట్టి వాడొద్దు. తడిసిన మందు సగమే కాలుతుంది, గుండు తుపాకి గొట్టం మధ్యలో ఇరుక్కోవచ్చు.

రెండో దారి: సొంతంగా నింపుకోవడం

అనుమతి చేతికొచ్చింది, తూటా బాక్సర్ రకం, సరుకు దొరికే మార్గం ఉంది అనుకుందాం. అప్పుడు పని ఎలా ఉంటుందో చూడండి.

రైఫిలు గొట్టానికి వరస ఇది. పేల్చిన గొట్టాలు శుభ్రం చేయాలి. చీలికలు, అడుగుకి కాస్త పైన మెరిసే వలయం ఉన్నవి ఏరి పారేయాలి. ఆ వలయం గొట్టం అక్కడ పలచబడిందనడానికి గుర్తు, వచ్చేసారి అక్కడే తెగుతుంది. తర్వాత పలచగా కందెన రాసి డైలో నొక్కి పాత కొలతకి తేవాలి. కందెన తక్కువైతే గొట్టం డైలో బిగుసుకుపోతుంది, ఎక్కువైతే గొట్టం భుజం (మెడ కింది వాలు) మీద గుంట పడుతుంది. పొడవు పెరిగిన గొట్టాన్ని కత్తిరించాలి. క్యాప్ గుంట శుభ్రం చేసి కొత్త క్యాప్ కూర్చాలి, అది అడుగు మట్టానికి వెంట్రుకవాసి లోపలే ఉండాలి. వేలితో తడిమితే పైకి తగలకూడదు. పైకి పొడుచుకొస్తే తుపాకి మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. ఆ తర్వాత మందు, చివర్న గుండు.

మందు ఎంత అన్నది ఇక్కడ రాయడం లేదు, రాయకూడదు కూడా. అది మందు రకం, గుండు బరువు, గొట్టం, క్యాప్ నాలుగింటి మీదా ఆధారపడుతుంది. మందు తయారుచేసిన సంస్థ అచ్చువేసిన పట్టిక తప్ప వేరే ఆధారం లేదు. వాట్సాప్‌లో వచ్చిన అంకె మీద ఎవరూ తుపాకి చెంపకి ఆనించకూడదు.

ప్రమాదాలు రెండు రకాలు. ఒకటి రెండుసార్లు పోయడం. త్వరగా కాలే మందు కొన్ని గొట్టాల్లో సగం కూడా నిండదు, రెండోసారి పోసినా పట్టేస్తుంది, పైకి తెలియదు. అందుకే యాభై గొట్టాలు చెక్క పలకలో నిలబెట్టి, టార్చి వెలుగులో వరసగా అన్నిటి మందు మట్టం చూశాకే గుండు పెట్టాలి. రెండోది అసలు పోయకపోవడం. అప్పుడు క్యాప్ బలానికే గుండు కదిలి తుపాకి గొట్టంలో ఆగిపోతుంది. చప్పుడు "ఠాప్"మని కాకుండా "తుప్పు"మని వస్తుంది, భుజానికి తన్ను తగలదు. అక్కడే ఆగాలి. తూటా తీసేసి, తుపాకి ఖాళీ అని చూసుకుని, గొట్టంలోకి కడ్డీ దూర్చాలి. చూసుకోకుండా రెండోది పేల్చినవాళ్ల గొట్టాలు పాము కప్పని మింగినట్టు మధ్యలో ఉబ్బి కనిపిస్తాయి. ఉబ్బడంతో ఆగితే అదృష్టమే.

మన ఊళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి, ఫ్యాను. మందు తూచే డిజిటల్ త్రాసు గాలికి నిలవదు. సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే అంకె పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. ఫ్యాను ఆపితే మే నెలలో విజయనగరంలో పది నిమిషాలకే నుదుటి చెమట బల్ల మీద పడుతుంది, చెమట చేతులతో క్యాప్‌లు ముట్టుకోకూడదు. కరెంటు ఊగిసలాడినా డిజిటల్ త్రాసు తప్పు చూపిస్తుంది. అందుకే మీట త్రాసు వాడేవాళ్లు ఉన్నారు. ఒక గాజు పెట్టెలో పెడితే గాలి బెడద పోతుంది, కానీ ఒక్కో తూకం స్థిరపడడానికి ఆగాలి. తెల్లవారుజామున, చల్లగా, పిల్లలు లేవకముందు కూర్చోవడమే మేలు.

సీసం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. గొట్టాలు తోమినప్పుడు వచ్చే దుమ్ములో, క్యాప్ మసిలో సీసం ఉంటుంది. ఆ గదిలో తినకూడదు, తాగకూడదు. పని అయ్యాక చల్లటి నీళ్లు, సబ్బుతో కడగాలి. చిన్నపిల్లలు పాకే నేల మీద ఈ పని పెట్టుకోవద్దు. గుళ్లు కూడా ఇంట్లోనే పోతపోసుకుందామనే ఆలోచన వస్తే అక్కడితో ఆపేయండి. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, ఆ మూకుట్లో ఒక్క నీటిచుక్క పడితే కరిగిన సీసం చిమ్ముతుంది.

పన్నెండు బోరులో ఇంకో పాత ప్రమాదం. ఇరవై బోరు తూటా పన్నెండు బోరు తుపాకిలో వేస్తే జారి గొట్టంలో ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. తూటా వేయలేదనుకుని పన్నెండు బోరుది పెట్టి పేలిస్తే గొట్టం పగులుతుంది. అందుకే ఇరవై బోరువి పసుపు రంగులో చేస్తారు. రెండు బోర్ల గొట్టాలు ఒకే బల్ల మీద నింపితే ఈ పొరపాటుకి మీరే తలుపు తీసినట్టు.

లెక్క ఎక్కడ తేలుతుంది

ట్రాప్ షూటింగ్‌ని, అంటే గాల్లోకి విసిరిన మట్టి పళ్లేల్ని కాల్చే పోటీని తీసుకుందాం. అంతర్జాతీయ నియమాల ప్రకారం తూటాలో గుళ్ల బరువు 24 గ్రాములు మించకూడదు. అంటే కిలో సీసపు గుళ్లతో 41 తూటాలు. ఒక రౌండు 25 పక్షులు (ఆ పళ్లేలనే అలా అంటారు), ఒక్కో పక్షికి రెండు దెబ్బలదాకా వేయొచ్చు. రౌండుకి 25 నుంచి 50 తూటాలు, అంటే 600 గ్రాముల నుంచి 1.2 కిలోల సీసం. అర్హత పోటీ 125 పక్షులు. రోజుకి నాలుగు రౌండ్లు సాధన చేసేవాడికి నెలలో సీసమే బస్తాల లెక్కకి వస్తుంది. అన్ని తూటాలు వాడేవాడికి మిగిలేది తూటాకి కొద్ది రూపాయలే. పైగా మామూలు ప్రెస్సు మీద గంటకి వంద కూడా కష్టం. నాలుగు రౌండ్లకి రాత్రి రెండు గంటలు కూర్చుంటే, ఆ రెండు గంటలు నిద్రకి, కళ్లకి పనికొచ్చేవి.

గొట్టం ఖరీదైన రైఫిలు తూటాల్లో లెక్క వేరు. సూత్రం ఒకటే: సామాను ఖర్చుని, ఒక్కో తూటా మీద మిగిలేదానితో భాగించండి. ఉదాహరణకి సామానుకి 40,000 రూపాయలు, తూటాకి 80 రూపాయలు మిగిలితే 500 తూటాలకి పెట్టుబడి తిరిగొస్తుంది. తూటాకి 10 రూపాయలే మిగిలితే 4,000 కావాలి. ఏడాదికి 200 పేల్చేవాడికి అది ఇరవై ఏళ్ల పని.

నింపుకునేవాళ్లెవరూ ముందు చెప్పనిదొకటి: తూటా చవకైతే ఎక్కువ పేలుస్తారు. ఏడాది చివర్న ఖర్చు తగ్గదు, గురి బాగుపడుతుంది. అది మంచిదే, కానీ ఆదా అని పిలవకూడదు.

మూడో దారి: .22కి మారడం

50 మీటర్ల రైఫిలు, 25 మీటర్ల పిస్టలు పోటీలకి ఇదే. నింపడం కుదరదు కాబట్టి ఆ తలనొప్పే లేదు. సెంటర్‌ఫైరుతో (అడుగు మధ్యన క్యాప్ ఉండే తూటాతో) పోలిస్తే తూటా చవక, తన్ను తక్కువ. చిక్కు ఏమిటంటే ఒక్కో తుపాకి గొట్టానికి ఒక్కో లాటు నచ్చుతుంది. నాలుగు రకాలు తలా ఒక పెట్టె తీసుకుని, రైఫిలుని బిగింపులో పెట్టి, ఒక్కోదానితో పదేసి గుళ్లు కాల్చి గుంపు, అంటే తూట్లు ఎంత దగ్గరగా పడ్డాయో చూసుకుని, నచ్చిన లాటే ఏడాదికి సరిపడా కొనుక్కోవాలి. లైసెన్సు అంకెలు ఇక్కడా వర్తిస్తాయి. షూటింగ్ రేంజి దూరం శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకి పెద్ద ఖర్చు. విశాఖ వెళ్లి రావడానికే 200 కిలోమీటర్ల పైమాట, పూటంతా పోతుంది.

నాలుగో దారి: పది మీటర్ల ఎయిర్ రైఫిలు

కొత్తగా మొదలుపెట్టేవారికి, ఇంట్లో పిల్లలు నేర్చుకుంటున్నవారికి ఇదే చెప్పాలి. .177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిలుకి 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు పత్రాలు చాలు. పోటీ రైఫిలు ఆ హద్దు దరిదాపుల్లోకి కూడా రాదు. అర గ్రాము పెల్లెట్ (ఎయిర్ రైఫిలు గుండు) సెకనుకి 170 మీటర్ల వేగంతో వెళ్తే వచ్చేది సుమారు 7.2 జౌళ్లు.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు. నెలల తరబడి సాధన ఆగిపోతుంది. ఈ రైఫిలుకి లైసెన్సే లేదు కాబట్టి ఆ ఇబ్బంది కూడా ఉండదు.

పెల్లెట్లు 500 డబ్బా. సాధనకి రోజుకి వంద, వారానికి ఐదు రోజులు అనుకుంటే వారానికి ఒక డబ్బా. పోటీలో 60 దెబ్బలు, 75 నిమిషాలు. పెల్లెట్ తల కొలత 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద ఉంటుంది, ఆ వెంట్రుకవాసి తేడా మీదే గుంపు బిగుసుకుంటుంది. ఎయిర్ రైఫిలు లక్ష్యంలో పది అంకె చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. సొంతంగా నింపుకుంటే దొరికే "నా గొట్టానికి సరిపోయే తూటా" అనే తృప్తి ఇక్కడ నాలుగు డబ్బాలు మార్చి చూస్తే దొరుకుతుంది.

చోటు: గీత నుంచి లక్ష్యానికి 10 మీటర్లు, మనిషి నిలబడ్డానికి, లక్ష్యం వెనక పెట్టెకి కలిపి 13 మీటర్ల పొడవు. లక్ష్యం మధ్య నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తున. పాత మండువా ఇంటి వసారా, రైసుమిల్లు గోదాము, మేడ మీది గది చాలు. వెనక ఇటుక గోడ ఉండాలి, దాని ముందు వాలుగా పెట్టిన ఇనప రేకు ఉన్న పెట్టె. పక్కనుంచి లోపలికి ఎవరూ రాలేని తలుపు ముఖ్యం. గడియ పెట్టకుండా మొదలుపెట్టొద్దు.

కుదింపు గాలి రైఫిళ్లకి సిలిండరు 200 బార్లకి నింపాలి. చేతి పంపుతో నింపితే మన గాలిలోని చెమ్మంతా లోపలికెళ్లి తుప్పు పట్టిస్తుంది. తేమ పీల్చే ఫిల్టరు ఉన్న పంపే కొనండి. పోటీ సిలిండర్ల మీద తయారీ తేదీ ఉంటుంది, పదేళ్లు దాటితే పోటీకి ఒప్పుకోరు. చవగ్గా వచ్చిన పాత రైఫిలు కొనేముందు ముందుగా చూడాల్సింది ఆ తేదీనే.

| చూడాల్సినది | కర్మాగారం తూటా | సొంతంగా నింపడం | .22 | పది మీటర్ల ఎయిర్ |
|---|---|---|---|---|
| లైసెన్సు | కావాలి | తుపాకి లైసెన్సుతో పాటు తయారీ అనుమతి కూడా | కావాలి | 20 జౌళ్ల లోపు, .177 అయితే అక్కర్లేదు |
| మొదటి ఖర్చు | తక్కువ | ఎక్కువ | మధ్యస్తం | మధ్యస్తం నుంచి ఎక్కువ |
| ఒక్కో దెబ్బ ఖర్చు | ఎక్కువ | రైఫిలుకి తగ్గుతుంది, పన్నెండు బోరుకి కొద్దిగా | తక్కువ | అన్నిటికంటే తక్కువ |
| పట్టే సమయం | డీలరు దాకా ప్రయాణం | గంటకి 30 నుంచి 100 తూటాలు | రేంజి దాకా ప్రయాణం | ఇంట్లోనే |
| పొరపాటు ఖరీదు | తక్కువ | తుపాకి, కన్ను, కేసు | తక్కువ | అన్నిటికంటే తక్కువ |

ఎవరికి ఏది

సెంటర్‌ఫైరు రైఫిలుతో పోటీలు చేస్తూ, ఏడాదికి వేలల్లో పేలుస్తూ, సంఘం ద్వారా సరుకు, అనుమతి రెండూ రాతలో ఉన్నవాళ్లకి నింపుకోవడం గిట్టుతుంది. డబ్బుకంటే గురికే ఎక్కువ గిట్టుతుంది: గుండు లోతు, మందు తూకం తన రైఫిలుకి తగ్గట్టు సర్దుకోవచ్చు.

ట్రాప్, అలాంటిదే అయిన స్కీట్ పోటీల వాళ్లు తూటాలు సంఘం ద్వారా ఒకేసారి ఎక్కువ కొనుక్కుని, మిగిలిన సమయం ఖాళీ ట్రిగ్గర్ సాధనకి పెట్టడం మేలు. గదిలో గోడ మీద నల్ల చుక్క అతికించి, మందు, క్యాప్ లేని డమ్మీ తూటా పెట్టి, రోజుకి ఇరవై నిమిషాలు తుపాకి భుజానికి ఎత్తి దించితే నెలకి కొన్ని వందల తూటాల పని చేస్తుంది. ఒక జాగ్రత్త: .22 తుపాకిని ఖాళీగా కొట్టొద్దు, పిన్ను గది అంచుని కొట్టి గాటు పెడుతుంది. పేలిన గొట్టం పెట్టుకుని చేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల లెక్క వేరు. అక్కడ క్యాప్‌లు, మందు దుకాణంలో దొరుకుతాయి, చాలా రాష్ట్రాల్లో సొంత వాడకానికి నింపుకోవడం మామూలే. పౌండు మందు 7,000 గ్రెయిన్లు. తూటాకి 25 గ్రెయిన్లు పట్టే చోట 280 తూటాలు. పొడుగు రైఫిలు తూటాలకి త్వరగా గిట్టుతుంది, 9 మిల్లీమీటర్ల పిస్టలుకి ఏళ్లు పడుతుంది. ఒక్కటి మాత్రం: సంక్రాంతికి వస్తూ మిగిలిన క్యాప్‌లు, మందు పెట్టెలో పెట్టుకు రావద్దు. విమానంలో అవి ఎక్కడా, ఏ పెట్టెలోనూ అనుమతి లేని సరుకు. బావమరిది అడిగాడని తెచ్చి, విశాఖ విమానాశ్రయంలో ఇద్దరూ కూర్చోవాల్సి వస్తుంది.

అటక మీది పాత సామాను

మన జిల్లాల్లో పాత షికారు ఇళ్లలో, అటక మీద, ఇత్తడి చేతిమీట ఉన్న చిన్న బిగింపు యంత్రం అప్పుడప్పుడు బయటపడుతుంది. బల్ల అంచుకి బిగించి, పన్నెండు బోరు కాగితపు గొట్టం మూతిని గుండ్రంగా చుట్టడానికి వాడిన పనిముట్టు అది. దాని పక్కనే కాగితపు తూటాల పెట్టె, ఒక సీసాలో నల్ల తుపాకిమందు, తగరపు డబ్బాలో క్యాప్‌లు కూడా ఉండొచ్చు. పనిచేస్తుందేమోనని సరదాగా ఒకటి నింపి చూడొద్దు. ఆ డబ్బా ఊపొద్దు, మూత తిప్పొద్దు, ఎండలో పెట్టొద్దు. పాత తూటాల్ని పొయ్యిలో వేయడం, చెరువులో పారేయడం రెండూ తప్పే. ముందు స్టేషన్‌కి ఫోను చేసి, ఉన్నవి ఉన్నచోటే ఉంచి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి. ఇత్తడి యంత్రాన్ని షోకేసులో పెట్టుకోవాలని ఉంటే అది కూడా వాళ్లకి చూపించి, ఉంచుకోవచ్చని కాగితం మీద రాయించుకోండి.